కొండ కన్నా గాలి ఖరీదు: విద్యుత్ కారులో హైదరాబాదు నుంచి అరకు దాకా

విద్యుత్ కారులో హైదరాబాదు నుంచి అరకు వెళ్లివస్తామని చెప్పినప్పుడు మా బంధువులలో దాదాపు అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆ కారు ఘాట్ రోడ్డు ఎక్కుతుందా? "అనంతగిరి మలుపుల్లో ఆగిపోతే తోసేవాళ్లు కూడా ఉండరురా" అని మా అమ్మ హెచ్చరించి, ఆ వెంటనే తానే వెనుక సీటులో కిటికీ పక్కన చోటు ఖాయం చేసుకుంది. వెళ్లివచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, బ్యాటరీని తినేసేది ఘాట్ కాదు. నార్కట్‌పల్లి దాటాక నున్నగా, తిన్నగా, ఎక్కడా కాలు తీయనవసరం లేకుండా సాగిపోయే నాలుగు వరుసల రహదారే.

దీనికి లెక్క ఉంది. మా కారు బ్యాటరీ సుమారు 40 యూనిట్లది. ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్, ఈ యూనిట్ ఒకటే కనుక కిలోవాట్ అవర్ అనే మాటతో పని లేకుండానే అంతా చెప్పుకోవచ్చు. ఏసీ వేసుకుని గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళితే వంద కిలోమీటర్లకు 13 యూనిట్లు, అదే 100 వేగంతో వెళితే పదహారున్నర యూనిట్లు ఖర్చవుతున్నాయి. కంపెనీ కాగితాల మీద ఉండే రేంజ్, అంటే నిండు ఛార్జితో వెళ్లగల దూరం, ఈ లెక్కన వచ్చే దానికంటే చాలా ఎక్కువ. అది అబద్ధమని నేను అనను. మన దేశంలో ఆ అంకెను తేల్చే పరీక్షలో వేగం 90 దాటదు, ఎక్కువ భాగం ఊళ్లో బండి నడిపినట్టు ఆగుతూ సాగుతూ ఉంటుంది. ఊళ్లో తిరిగేవారికి దాదాపు సరిపోయే ఆ అంకెను పట్టుకుని హైవే ఎక్కితేనే చిక్కు.

గాలి నిరోధం వేగం వర్గాన్ని, అంటే వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని, అనుసరించి పెరుగుతుంది. వేగం 80 నుంచి 100కు పెరిగితే అది పావు వంతు ఎక్కువ అయినట్టే కనిపిస్తుంది గాని, గాలి కారును వెనక్కు నెట్టే బలం ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. పెట్రోలు కారులోనూ ఇదే జరుగుతుంది. అయితే అక్కడ ఇంధనంలో అధిక భాగం ఇంజను వేడి రూపంలో ఎటూ వృథా అవుతుంది కనుక ఈ అదనపు ఖర్చు అందులో కలిసిపోయి మనకు తెలియదు. విద్యుత్ మోటారు దాదాపు ఏమీ వృథా చేయదు కాబట్టి గాలి వసూలు చేసుకునేదంతా తెర మీద శాతాలుగా కళ్ల ముందే కరిగిపోతుంది. హైదరాబాదు నుంచి విజయవాడ 275 కిలోమీటర్ల దూరం అనుకుంటే, 80కి బదులు 100లో వెళ్లినందుకు అదనంగా పోయేది దాదాపు 10 యూనిట్లు, అంటే బ్యాటరీలో పావు వంతు. ఆ వేగం వల్ల కలిసివచ్చేది నలభై నిమిషాలు. పోయిన పది యూనిట్లను తిరిగి ఎక్కించుకోవడానికి అందులో సగం ఛార్జర్ దగ్గరే ఖర్చవుతుంది. ఎదురుగాలి విషయమూ ఇంతే. ఎదురుగా గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తుంటే, మనం 80లో వెళుతున్నా గాలి నిరోధం వరకు కారు 100లో ఉన్నట్టే.

అందువల్ల తెర మీద కనిపించే "మిగిలిన కిలోమీటర్లు" అనే అంకెను నేను చూడటం మానేశాను. అది అంతకు ముందు నడిపిన తీరును బట్టి వేసుకున్న అంచనా మాత్రమే. ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో నెమ్మదిగా వచ్చిన కారుకు రాబోయేది జాతీయ రహదారి అని తెలియదు కనుక ఉదారంగా ఒక అంకె చూపిస్తుంది, చౌటుప్పల్ చేరేసరికి అందులోంచి గబగబా కోసుకుంటుంది. చూడవలసింది శాతం. నలభై యూనిట్ల బ్యాటరీలో ఒక శాతానికి 80 వేగంలో మూడు కిలోమీటర్లు, 100 వేగంలో రెండున్నరకు కాస్త తక్కువ అని గుర్తుపెట్టుకుంటే, తరువాతి ఆగే చోటును మనసులోనే లెక్కకట్టుకోవచ్చు.

వెళ్లేటప్పుడు భూమి కూడా మనవైపే ఉంటుంది. హైదరాబాదు సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంటే, విజయవాడ ఇరవై మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. వాలు కంటికి కనిపించనంత నెమ్మదిగా ఉన్నా, మనుషులతో, సామానుతో కలిపి 1,750 కిలోల కారు అంత ఎత్తు దిగితే రెండున్నర యూనిట్ల దాకా కలిసివస్తాయి. నిండు ఛార్జితో తెల్లవారుజామున బయలుదేరి, పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్లు దాటి కోదాడ చేరేసరికి మాకు నలభై అయిదు శాతం మిగిలింది.

అక్కడ ఒక హోటలు ఆవరణలోని ఛార్జర్ దగ్గర జరిగింది వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇటువంటి ప్రయాణాలలో అసలు పరీక్ష ఇక్కడే ఉంటుంది. యాప్‌లో ఆ యంత్రం పనిచేయడం లేదని ఉంది. తెర మీద ఎండ పడి ఏమీ కనిపించదు. చేతిని గొడుగులా అడ్డం పెట్టి చూస్తే ఏదో లోపం ఉందని ఆంగ్లంలో ఒక ముక్క మాత్రం ఉంది. ఇంతలో వాచ్‌మన్ వచ్చి, యంత్రం పక్కన పుట్టగొడుగు తలలా ఉన్న ఎర్ర బటన్‌ను కుడివైపుకు మెలిపెట్టాడు. అది టక్కున పైకి లేచింది, నిమిషంలో తెర పచ్చబడింది. అత్యవసర పరిస్థితిలో కరెంటు ఆపడానికి పెట్టిన ఆ బటన్‌ను ఒకసారి నొక్కితే అది లోపలే ఉండిపోతుందని, మెలిపెట్టి విడుదల చేస్తే తప్ప ఛార్జర్ పలకదని తెలియక, ఉదయం నుంచి రెండు కార్లు వెనక్కు వెళ్లిపోయాయట. "పిల్లలు నొక్కి పోతారు సార్, రోజూ ఇదే పని" అన్నాడాయన. యాప్ కంటే, సహాయ కేంద్రం కంటే నాకు ఎక్కువ ఉపయోగపడినది ఆ మనిషే. కనుక ఎవరైనా సలహా అడిగితే, బయలుదేరే ముందు రోజు దారిలోని ఛార్జర్ల దగ్గరి హోటళ్లకు ఫోను చేసి "నిన్న ఎవరైనా ఛార్జి పెట్టుకున్నారా" అని కనుక్కోమని చెబుతున్నాను.

ప్రభుత్వం తన వంతు కొంత చేసిందనే చెప్పాలి. కారుకు ఛార్జింగ్ పెట్టడం విద్యుత్ అమ్మకం కిందికి రాదని, అది ఒక సేవ మాత్రమేనని, అందుకు లైసెన్సు అక్కర్లేదని 2018లో కేంద్ర విద్యుత్ శాఖ స్పష్టం చేసిన తరువాతే హోటళ్లవారు, బంకులవారు ధైర్యంగా ముందుకు వచ్చారు. రహదారుల మీద ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలని 2022 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. 2023 మార్చిలో మూడు ప్రభుత్వ రంగ చమురు సంస్థలకు 7,432 వేగవంతమైన ఛార్జర్ల కోసం 800 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. ఈ దారిలో పటం తెరిచి చూస్తే చుక్కలకు కొదువ లేదు. అయితే యంత్రం నిలబెట్టడం వేరు, దానిని నడిచే స్థితిలో ఉంచడం వేరు. అందుకే నేను ఏ ఛార్జర్‌నూ ఒంటరిగా నమ్ముకోను. అది పనిచేయకపోతే ఆ తరువాతి దానికి చేరేటంత, అంటే ఇరవై శాతం, చేతిలో ఉంచుకునే ఆగుతాను. ఇరవై శాతమంటే ఈ కారుకు అరవై కిలోమీటర్లు. ఈ దారిలో అది చాలినంత ధీమా.

రెండో విరామం ఏలూరు దగ్గర, భోజనం వేళకు. 60 కిలోవాట్లు అని రాసి ఉన్న ఆ యంత్రానికి రెండు గన్‌లు, అంటే కారుకు తగిలించే ప్లగ్గులు, ఉన్నాయి. మేము పెట్టిన కాసేపటికి పక్కన మరో కారు వచ్చి రెండో గన్ తగిలించగానే, మాకు వస్తున్న వేగం ముప్ఫైకి పడిపోయింది. ఉన్న సామర్థ్యాన్ని యంత్రం ఇద్దరికీ పంచుతుంది కనుక, బోర్డు మీద రాసిన అంకె ఒంటరిగా ఉన్నవాడికే వర్తిస్తుంది. పైగా ఎనభై శాతం దాటాక సెల్స్ దెబ్బతినకుండా కారే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. చివరి ఇరవై శాతానికి పట్టే సమయంలో తరువాతి ఊరు చేరుకోవచ్చు. అందువల్ల హైవే మీద నిండుగా ఎక్కించుకోవాలనే పట్టుదల అనవసరం. ఇరవై, ఎనభైల మధ్య తిరుగుతూ పోవడమే లాభం. భోజనంలో పెరుగు దాకా వచ్చేసరికి ఎనభై రెండు శాతం కనిపించింది, లేచాము.

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి దాటడం గురించి ఎంతైనా రాయవచ్చు గాని, అది ఏ కారులో దాటినా ఒకటే. అన్నవరం దగ్గర మూడోసారి ఆగాము. కారు కొండ కింద ఛార్జింగులో ఉండగా దర్శనం, ఆకులో చుట్టిన గోధుమ రవ్వ ప్రసాదం రెండూ అయ్యాయి; దిగి వచ్చేసరికి విశాఖ చేరడానికి కావలసిన దానికంటే ఎక్కువే ఎక్కి ఉంది. పని ముగిశాక కూడా గన్ తీయకుండా కారు వదిలి వెళితే వెనుక ఉన్నవారికి ఎంత కష్టమో అక్కడ చూశాను. దర్శనం వరస పెద్దదిగా ఉన్న రోజున ఒకరు కారు దగ్గర ఉండటం మర్యాద.

ఇక అందరూ భయపెట్టిన ఘాట్. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట వరకు మైదానమే. ఆ తరువాత టైడా, అనంతగిరి మీదుగా రోడ్డు ఎక్కుతూ పోయి, అరకు లోయ కంటే ఎత్తుకు చేరి మళ్లీ కొంత దిగుతుంది. మొత్తం ఎక్కేది వెయ్యి మీటర్లు అనుకుందాం. 1,750 కిలోల బరువును వెయ్యి మీటర్లు పైకి చేర్చడానికి కావలసిన శక్తి అయిదు యూనిట్లకు కాస్త తక్కువ. మోటారులో, తీగల్లో పోయేది కలుపుకున్నా అయిదున్నర దాటదు. అంటే తూర్పు కనుమలను ఎక్కడానికి అయ్యే ఖర్చు, విజయవాడ రోడ్డు మీద కాస్త తొందరపడినందుకు గాలికి సమర్పించుకునే దానిలో దాదాపు సగం! మలుపులలో ముప్ఫై, నలభై వేగం మించదు కనుక గాలి నిరోధం అక్కడ లెక్కలోకే రాదు. విశాఖలో రాత్రంతా బస చేసిన చోట నిండుగా ఎక్కించుకుని బయలుదేరితే, అరకులో దిగేటప్పటికి యాభై అయిదు శాతం ఉంది.

ఎక్కేటప్పటి హాయి కూడా చెప్పుకోదగినదే. గేరు మార్చే పని లేదు, ముందున్న లారీ ఆగితే వాలులో బండి వెనక్కు జారుతుందన్న బెదురు లేదు. కిటికీలు దించుకుంటే కాఫీ తోటల మధ్య కీచురాళ్ల చప్పుడు వినిపించింది.

దిగేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త ఉంది. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారు జనరేటరుగా మారి, కారును నెమ్మదింపజేస్తూ ఆ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. కొత్తవలస, కిరండూల్ మార్గంలో ఆ కొండల్లోనే తిరిగే ఇనుప ఖనిజం గూడ్సులను చూస్తుంటే ఇది గుర్తుకు వచ్చింది. కొత్త తరం విద్యుత్ రైలింజన్లు కూడా దిగుడులో ఇలాగే కరెంటును పైతీగకు తిరిగి ఇస్తాయి. అయితే బ్యాటరీ అప్పటికే నిండి ఉంటే ఆ శక్తికి చోటు ఉండదు, అప్పుడు బరువంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది. అరకులో బస చేసిన చోట పదిహేను ఆంపియర్ల ప్లగ్గు ఇచ్చారు కదా అని రాత్రంతా పెట్టి నూరు శాతం చేసుకుని కొండ దిగడం అందుకే మంచిది కాదు. మేము ఎనభై అయిదు దగ్గర ఆపేశాము. నిజానికి అక్కడ పెట్టుకోకపోయినా విశాఖ చేరేవాళ్లమే. ఘాట్ పైభాగాన ఉన్న గాలికొండ దగ్గర కనిపించిన శాతానికి, శృంగవరపుకోటలో కనిపించిన శాతానికి తేడా దాదాపు లేదు.

ఖర్చు విషయానికి వస్తే, బయటి ఛార్జర్లలో పద్దెనిమిది శాతం జీఎస్టీతో కలిపి యూనిట్ ఇరవై రూపాయలకు అటూ ఇటూ పడింది, అంటే కిలోమీటరుకు మూడు రూపాయల లోపు. లీటరు పెట్రోలు వంద దాటిన రోజుల్లో ఇదే పరిమాణం ఉన్న కారుకు ఆరేడు రూపాయలవుతుంది. ఇంటి దగ్గర ఎక్కించుకునేవారికి ఉండే ఆదా హైవే మీద ఉండదు. ప్రయాణాల కోసమే విద్యుత్ కారు కొనాలనుకునేవారు ఈ తేడా చూసుకోవాలి.

తిరుగు ప్రయాణంలో విజయవాడ దాటాక కారు మారిపోయినట్టు అనిపించింది. వెళ్లేటప్పుడు దిగిన అయిదు వందల మీటర్లు ఇప్పుడు ఎక్కాలి, సాయంత్రం ఎదురుగాలి కూడా తోడైంది. వెళ్లేటప్పుడు కోదాడకు నలభై అయిదు శాతంతో వచ్చామని, తిరిగి అదే దూరానికి అదే లెక్క వేసుకుంటే చౌటుప్పల్ దగ్గర గుండె దడ తప్పదు. పది శాతం అదనంగా ఉంచుకుని, కోదాడలో తొంభై దాకా ఎక్కించుకుని బయలుదేరాము. ఈ దారిలో సంక్రాంతికి మాత్రం ఈ కారును తీయను. పంతంగి దగ్గర గంటల తరబడి వరసలో నిలబడినా బ్యాటరీకి నష్టం లేదు, ఆగి ఉన్న కారు ఏసీకి తప్ప ఏమీ ఖర్చు చేయదు. కాని ఆ రోజుల్లో కోదాడలో ఆ ఒక్క యంత్రం ముందు నాలుగు కార్లు ఉంటే, ఒక్కొక్కటి నలభై నిమిషాలు పట్టినా మన వంతు వచ్చేసరికి రెండున్నర గంటలు దాటిపోతాయి.