కుర్చీలో కూర్చున్న మామయ్యకే ఎక్కువ కనబడ్డాయి

ఆదివారం, రాత్రి పదిన్నర.

పిల్లలిద్దరూ ఇప్పుడే పడుకున్నారు. కాళ్ళు లాగేస్తున్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి, అయినా ఈరోజు సంగతి ఇప్పుడే రాసేసుకోకపోతే రేపు ఆఫీస్ పనిలో పడి సగం మర్చిపోతాను, అది నాకు ఇష్టం లేదు, అందుకే కూర్చున్నా.

పొద్దున నాలుగింటికే లేచాం. సముద్రం ఒడ్డున ఫ్యామిలీల కోసం లో టైడ్ వాక్, అంటే నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డు చూపించే నడక, పెడుతున్నారని తెలిసి పోయిన నెలే పేర్లిచ్చాం, అప్పట్నుంచీ పెద్దోడు రోజులు లెక్కపెడుతూనే ఉన్నాడు. ఇవాళే ఎందుకు పెట్టారంటే పౌర్ణమి వెళ్ళి రెండ్రోజులు. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి కదా, ఆ లాగుడుకి పోటు మామూలు కంటే పైకొస్తుంది, ఆటు మామూలు కంటే ఇంకా వెనక్కెళ్తుంది, ఆ జోరు ఒకట్రెండు రోజులు ఆలస్యంగా కనబడుతుందట. మామూలు రోజుల్లో నీళ్ళ కిందే ఉండిపోయే రాళ్ళు ఇలాంటప్పుడే బయటపడతాయి. ఇవాళ నీళ్ళు బాగా తగ్గేది ఆరుంపావుకి. నాలుగున్నరకల్లా అక్కడుండమన్నారు, మేం వెళ్ళేసరికి అయిదు.

మామయ్యని తీసుకెళ్ళాలా వద్దా అని వారం రోజులు ఆలోచించా. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగడమే కష్టం, ఇంక పాచి పట్టిన రాళ్ళ మీద ఎక్కడ నడుస్తారు. అలాగని ఆయన్నొక్కర్నీ ఇంట్లో వదిలేసి మేం నలుగురం వెళ్ళిపోవడం నాకు బాలేదు. వాక్ నడిపించే అమ్మాయికి ఫోన్ చేసి అడిగితే "తప్పకుండా తీసుకురండి, మడత కుర్చీ ఒకటి తెచ్చుకోండి చాలు, రాళ్ళ దాకా రాలేనివాళ్ళకి ఇసకలోనే బోలెడుంది" అంది. మర్యాదకి అంటోంది అనుకున్నా నేను.

మొత్తం ఓ పాతికమందిమి. చీకట్లోనే టార్చిలైట్ల వెలుగులో ఆ అమ్మాయి జాగ్రత్తలు చెప్పింది, చాలా క్లుప్తంగా. చెప్పులొద్దు, పట్టున్న పాత బూట్లే వేసుకోండి. ఏ ప్రాణినైనా ముట్టుకోవాలంటే ముందు చెయ్యి సముద్రం నీళ్ళలో తడుపుకోండి, క్రీములు రాసుకుని ఉంటే రాళ్ళ మధ్య నీళ్ళు నిలిచిన గుంటల్లో చెయ్యి పెట్టకండి. అలల వైపు వీపు పెట్టి నిలబడకండి. శంకు ఆకారంలో ఉన్న గవ్వ ఎంత అందంగా ఉన్నా చేత్తో తియ్యకండి, అందులో ప్రాణి బతికుంటే బాణంలాంటి పంటితో పొడుస్తుంది, వాటిల్లో కొన్నిటి విషం మనిషి ప్రాణం తీసేంత ఉంటుంది. ఈ చివరిది వినగానే చిన్నది నా చున్నీ పట్టుకున్నది వదల్లేదు.

రాళ్ళ మీదకి వెళ్ళగానే మొదట బార్నకిల్స్. రాయంతా తెల్లగా గరుకుగా పొక్కులు పొక్కులుగా ఉంటాయి చూడండి, అవే. ఎన్నిసార్లు చూసుంటానో, ఏదో సున్నం పేరుకుపోయిందనుకునేదాన్ని ఇన్నాళ్ళూ! అవి పీతలకీ రొయ్యలకీ చుట్టాలట. పిల్లప్పుడు నీళ్ళలో ఈదుకుంటూ తిరిగి, ఒక చోటు నచ్చగానే తలని రాయికి అంటించేసుకుని, చుట్టూ పెంకు కట్టుకుని, ఇంక జన్మంతా తలకిందులుగా అక్కడే, కాళ్ళతో నీళ్ళలోని తిండిని నోట్లోకి తోసుకుంటూ బతికేస్తాయట. ఆ అమ్మాయి ఒక ప్లాస్టిక్ గ్లాసుతో సముద్రం నీళ్ళు ముంచి గుంటలో ఉన్న బార్నకిల్ మీద మెల్లగా పోసింది. కాసేపటికి పైన చిన్న తలుపు తెరుచుకుని, ఈకలాంటిది బయటికొచ్చి ఒకసారి వీచి లోపలికెళ్ళింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఆ ఈకలే కాళ్ళు. పెద్దోడు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు, నేనూ అంతే.

చార్లెస్ డార్విన్ వీటి మీదే 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్ళు పరిశోధన చేస్తూ కూర్చున్నాడట. ఇంట్లో పిల్లలు పుట్టిందగ్గర్నుంచీ నాన్న ఈ పని చెయ్యడమే చూశారు కాబట్టి, అందరి నాన్నలూ ఇదే చేస్తారనుకుని ఒక పిల్లాడు పక్కింటాయన గురించి "మరి ఆయన బార్నకిల్స్ ఎక్కడ చేసుకుంటాడు" అని అడిగాడని చెప్తుంటారు. ఈ కథ మా వాడికి ఎంత నచ్చిందో, తిరిగొచ్చేదాకా కనబడిన ప్రతి అంకుల్నీ చూపించి అదే ప్రశ్న నన్నడిగాడు.

పక్కనే లింపెట్, ఒక రకం సముద్రపు నత్త. చిన్న టోపీ బోర్లించినట్టుంటుంది, రాయికి కరుచుకుని. పోటప్పుడు కదిలి చుట్టుపక్కల రాయి మీద పాచి గీక్కుని తిని, నీళ్ళు తగ్గేలోపు తన చోటికే తిరిగొచ్చేస్తుందట చాలా రకాల్లో. ఊరికే ఆ దగ్గర్లోకి కాదు, సరిగ్గా అదే చోటికి, పెంకు అంచూ ఆ రాయీ ఒకదానికొకటి అరిగి అరిగి గిన్నెకి మూతలా సరిపోయుంటాయి. రాయిని గీకాలి కదా, అందుకని దాని పళ్ళు ఎంత గట్టివంటే అప్పటిదాకా ప్రకృతిలో కొలిచిన పదార్థాలన్నిట్లో అవే బలమైనవని 2015లో శాస్త్రవేత్తలు తేల్చారు, సాలీడు దారాన్ని మించిపోయాయి.

ఇక్కడ ఒక తప్పు చేశాను, రాయాలి. ఒక గుంట పక్కన పళ్ళెమంత రాయి ఉంటే, కింద ఏముందో పిల్లలకి చూపిద్దామని ఎత్తి పక్కకి తిప్పా. కింద వైపంతా ఏవేవో ఉన్నాయి, నారింజ రంగు పూతలాంటివి, సన్నటి పురుగులు, గోరంత పీత ఒకటి పరిగెత్తింది. అందరం చూశాం, ఫోటో తీసుకున్నాం, తర్వాత పెద్దోడు అటెక్కడో పిలిస్తే నేను రాయిని అలాగే వెల్లకిలా వదిలేసి వెళ్ళిపోయా. వెనక్కి తిరిగి చూస్తే ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని, రాయి ముందెలా ఉందో అలాగే, ఏ వైపు ఏ వైపో చూసుకుని మెల్లగా దించుతోంది. నన్నేమీ అనలేదు. నేనే వెళ్ళి సారీ చెప్పా. "కింద వైపు ఉండేవాటికి ఎండ తగిలితే ఎండిపోతాయండీ, పైన ఉండే పాచి కిందికెళ్తే వెలుగు లేక చచ్చిపోతుంది, అందుకే" అంది అంతే. ఒక రాయిని రెండు నిమిషాలు తిప్పి వదిలేస్తే రెండు వైపులా చచ్చిపోతాయి. సిగ్గేసింది నిజంగా. ఆ తర్వాత ఇంకే రాయీ ఎత్తలేదు నేను, పిల్లల్ని కూడా గుంట పక్కన కూర్చుని చూడమన్నా, చెయ్యి పెట్టకుండా.

కూర్చుంటే ఎన్ని కనబడతాయో! ముందు ఖాళీ నీళ్ళలా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు మన నీడ కదలకుండా ఉంటే రాయి రంగులోనే ఉన్న బుల్లి చేప ఒకటి విడివడి ఈదుతుంది. గాజులాంటి రొయ్య, లోపలి నరాలన్నీ కనబడుతూ. సీ అనిమోన్ అనే ప్రాణి నీళ్ళలో ఉంటే పువ్వులా విచ్చుకునుంది, అదే రకం పైన నీళ్ళు లేని చోట జెల్లీ ముద్దలా ముడుచుకునుంది, రెండూ ఒకటేనంటే మావారు నమ్మలేదు. ఒక నత్త గవ్వ నడుస్తోంది, నత్తకి అంత స్పీడెక్కడిది అనుకునేసరికి లోపల్నుంచి కాళ్ళు, అది సన్యాసి పీత. దాని వెనక సగం మెత్తగా ఉంటుంది, పెంకుండదు, అందుకే ఖాళీ అయిన గవ్వల్లో దూరి బతుకుతుంది, పెరిగేకొద్దీ పెద్ద గవ్వ వెతుక్కోవాలి. మనం జేబులో వేసుకొచ్చే ప్రతి ఖాళీ గవ్వా దానికి దొరకని ఇల్లే. మా ఇంట్లో షోకేసులో ఒక సీసా నిండా ఉన్నాయి గవ్వలు, పెళ్ళైన కొత్తలో ఏరినవి.

పిట్టల దగ్గర ఎక్కువసేపు లేం. స్టాండ్ మీద టెలిస్కోప్ పెట్టారు, తడి ఇసకలో పొడుగు ముక్కుల పిట్టలు పొడుచుకుంటున్నాయి. పెద్దోడు వాటి మీదకి పరిగెత్తబోతే ఆ అమ్మాయి ఆపి ఒక మాట చెప్పింది. వీటి జాతివాటిల్లో గాడ్‌విట్ అనే పిట్ట ఒకటి, 2022లో అలాస్కాలో బయల్దేరి 11 రోజులు ఎక్కడా దిగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియాలో దిగింది, దాని వయసు అప్పటికి అయిదు నెలలు. అంత దూరాలు ఎగిరే జాతులు ఒడ్డున దిగి తింటున్నప్పుడు మనం తరిమితే, దాచుకున్న కొవ్వంతా తప్పించుకోవడానికే ఖర్చైపోతుంది అని. వాడు ఇంక కదల్లేదు. అయిదు నెలలంటే బోర్లా పడే వయసు కదమ్మా అన్నాడు.

ఇంతలో విజిల్ వేసింది, నీళ్ళు తిరిగాయని. ఆటు నుంచి పోటుకి ఆరు గంటల పైచిలుకు పడుతుంది, అందులో మొదటి గంట నీళ్ళు నెమ్మదిగానే వస్తాయి, మూడో గంట, నాలుగో గంటల్లోనే రావాల్సిన నీళ్ళల్లో సగం వచ్చేస్తాయట. జనం మొదటి గంట చూసి టైముందిలే అని రాళ్ళ మీదే ఉండిపోతారు, అక్కడే ప్రమాదం. అందుకే తిరిగిన వెంటనే బయల్దేరదీసింది అందర్నీ.

వెనక్కొచ్చేసరికి మామయ్య మేం వదిలిన చోటే ఉన్నారు, కుర్చీలో ముందుకి వంగి. చిన్నది, అది రాళ్ళ దగ్గర పది నిమిషాలుండి తాతయ్య దగ్గరికి వెళ్ళిపోతానంటే మావారు దింపొచ్చారు, ఆయన కాళ్ళ దగ్గర ఇసకలో బోర్లా పడుకునుంది. దగ్గరికి వెళ్ళబోతుంటే మామయ్య చెయ్యెత్తి ఆపారు. "అమ్మా, అక్కడే ఆగు. మెల్లగా రా. అదురుకి లోపలికెళ్ళిపోతాయి."

చూస్తే కుర్చీ చుట్టూ ఇసకంతా ఆవాలంత, మిరియాలంత ఉండలు. ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు, ఒక్కో కన్నం చుట్టూ చక్రంలో ఆకుల్లా వరసలు. సాండ్ బబ్లర్ పీతలు. మేం వస్తున్న అదురుకి ఒక్కటి కూడా లేదు బయట. కూర్చున్నాం. చాలాసేపటికి ఒక కన్నంలోంచి రెండు కళ్ళు, పుల్లల మీద పెట్టినట్టు, పైకొచ్చాయి. తర్వాత పీత మొత్తం, నా చిటికెన వేలి గోరంత. గోళ్ళతో ఇసక తీసి నోట్లో పెట్టుకుంటుంది, ఇసకకి అంటుకున్న కంటికి కనబడని పాచీ గీచీ జల్లెడ పట్టి తిని, మిగిలిన ఇసకని మూతి దగ్గరే ఉండలా చుట్టి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి నెట్టేస్తుంది. కొన్ని సెకన్లకి ఒక ఉండ. తిన్న ఇసకలోనే మళ్ళీ వెతుక్కునే పని లేకుండా. మామయ్య గుసగుసగా చెప్తున్నారు, ఇవన్నీ ఎవరూ చెప్పలేదట, గంటన్నర చూస్తే తెలిసిందట: "అది కన్నానికి అడ్డంగా ఒక్క ఉండ కూడా వెయ్యదు చూడు. దారి ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుంటుంది. పిట్ట నీడ పడిందంటే ఆ దారినే ఒక్క పరుగు."

నిజమే. ప్రతి కన్నం దగ్గరా సన్నటి దారి, శుభ్రంగా ఊడ్చినట్టు. ఆ అమ్మాయి కూడా వచ్చి పక్కన కూర్చుంది, ఆ దారి గురించి తనే చెప్దామనుకుందట, మామయ్య ముందే కనిపెట్టేశారని తెగ సంబరపడింది. నేను గంటకి పైగా రాళ్ళ మీద నడిచి ఇరవై రకాలు చూసొచ్చాను, ఫోన్లో ఎనభై ఫోటోలున్నాయి. ఆయన ఒక్క ప్రాణిని చూశారు, కానీ అది ఎలా బతుకుతోందో చూశారు. కుర్చీ తెచ్చుకోండి చాలు అన్న మాట మర్యాదకి అన్నది కాదని అప్పుడర్థమైంది నాకు.

నీళ్ళు ముందుకొస్తుంటే మా ముందే ఒక్కొక్కటీ కన్నంలోకెళ్ళి తడి ఇసకతో పైన మూసేసుకున్నాయి. తర్వాత ఒక అల వచ్చి ఉండలన్నిటినీ సాపు చేసేసింది. చిన్నది ఏడుపు మొహం పెట్టింది కానీ ఏడవలేదు.

ఇందాక పడుకోబెడుతుంటే మళ్ళీ అడిగింది.

"అమ్మా, ఆ పీత ఇప్పుడేం చేస్తోంది?"

"మధ్యాహ్నం పన్నెండున్నర దాకా నీళ్ళు పెరిగాయి కదా, లోపలే ఉండుంటుంది. సాయంత్రం మళ్ళీ తగ్గాయి, అప్పుడు బయటికొచ్చి ఉండలు చేసుకునుంటుంది."

"మళ్ళీ నీళ్ళొస్తే?"

"ఒంటిగంటకి ఫుల్లుగా వస్తాయి. ఈపాటికి తలుపేసేసుకునుంటుంది."

కాసేపు ఆలోచించి, "సాయంత్రం తాతయ్య లేడుగా, మరి ఎవరు చూశారు దాన్ని?" అని, నేను ఏదో చెప్పేలోపే నిద్రపోయింది.

మామయ్య భోజనం దగ్గర, ఆటుపోట్ల టైములుండే టైడ్ టేబుల్ ఎక్కడ దొరుకుతుందని అడిగితే మావారు ఫోన్లో చూపించారు. క్యాలెండర్లో అమావాస్య వెళ్ళిన రెండో రోజుకి పెన్సిల్‌తో గుండ్రంగా గీత గీసుకున్నారు, ఆ రోజు కూడా ఆటు పొద్దున్నే, దాదాపు ఇదే టైముకి. ఆ రోజు వాక్ లేదు, మనమే వెళ్ళాలి అన్నాను. తలూపారు. కుర్చీ ఇసక దులిపి లోపల పెట్టేయనా మామయ్యా అంటే, "వద్దమ్మా, కార్లోనే ఉండనీ" అన్నారు.