రెండు ప్రతులు, ఒక పేపరు

ఎం.ఏ. సెమినార్ పేపరు నిన్న రాత్రి ఒంటిగంటకు పూర్తయింది. 'మాలపల్లి' నవల మీద.

మొదట నేను పెట్టుకున్న టాపిక్ 'మాలపల్లి - గాంధీవాదం'. మేడం ఒక్కసారి చూసి, "ఇది పన్నెండు పేజీల పేపరుకా, పీహెచ్‌డీకా అమ్మా?" అన్నారు. మొహం మాడిపోయింది కానీ, ఆవిడ అన్నది నిజమే.

చివరికి నవలలోని రామదాసు కొడుకుల్లో ఇద్దరి దగ్గర ఆగాను. సంగదాసుది శాంతి మార్గం. వెంకటదాసు ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచుతాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో కూర్చుని రాస్తూ, ఈ ఇద్దరినీ ఒకే ఇంట్లో ఎందుకు పుట్టించారు? ఆ ప్రశ్న దొరికాక పెన్ను కదిలింది. 1922 నాటి ఈ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించిన సంగతికి ఒక్క పేరాయే ఇచ్చాను. అది అందరూ రాసేదే.

అసలు తంటా పేజీ నంబర్లతో. సగం నోట్సు లైబ్రరీ ప్రతి చూసి రాశాను, సగం సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా ప్రతి చూసి. రెండూ వేర్వేరు ముద్రణలు! వెంకటదాసు మాట ఒకటి 'పే. 212' అని రాసుకున్నాను. తీసి చూస్తే అక్కడ అతని పేరే లేదు. ఏ ప్రతిలోదో రాసుకుంటే కదా! ఇక నలభై చీటీలు మంచం మీద పరిచి ఒక్కొక్కటే వెతికాను. అమ్మ తొంగిచూసి, "పేకాటా?" అని వెళ్లిపోయింది.

మూడు చీటీలు ఎంతకీ తేలలేదు. ఆ కోట్స్ తీసేశాను. అందులో ఒకటి నాకు అన్నిటికంటే ఇష్టమైనది.