డెకాల్ కింద వెండి పొర: ఒక బాక్స్‌కార్‌తో నా అనుభవం

నిన్న రాత్రి పదకొండింటికి పూర్తయింది. బండి ఇంకా టేబుల్ మీదే ఉంది, పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. రెండు రోజులు ఆగితే కోపం చల్లారిపోతుంది, అప్పుడు అంతా సాఫీగా జరిగినట్టు రాసేస్తానేమోనని భయం.

ఇది మోడల్ రైలు పెట్టె, హెచ్ఓ స్కేల్, అంటే అసలు బండికి 87వ వంతు. అమెరికా గూడ్సు రైళ్లలో తిరిగిన 40 అడుగుల ఉక్కు బాక్స్‌కార్, అంటే అన్ని వైపులా మూసి ఉండే సరుకు పెట్టె. అక్కడి రైల్‌రోడ్ల సంఘం ఏఏఆర్ 1937లో ప్రామాణికంగా తెచ్చిన డిజైన్. లోపలి ఎత్తు 10 అడుగులు, పక్క గోడల నిండా రివెట్ల వరసలు. సదరన్ పసిఫిక్ రైల్‌రోడ్ వాళ్ల బండిగా, 1950 ప్రాంతంలో ఎలా ఉండేదో అలా చేద్దామనుకున్నాను. ఆ కాలపు గూడ్సు రైలంటే నాకు ప్రాణం. ఇంజను ఒక కంపెనీది, వెనకాల పెట్టెలు పది కంపెనీలవి, ఒక్కోదాని ఎరుపు ఒక్కో రకం, ఒక్కోదాని మురికి ఒక్కో రకం. ఇంజన్లు కొనుక్కునేవాళ్లు చాలామంది ఉంటారు కానీ, రైలును రైలులా నిలబెట్టేది ఈ పెట్టెలే అని నా గట్టి నమ్మకం.

ముందు పనులు త్వరగా చెప్పేస్తాను. ప్లాస్టిక్ భాగాలను గిన్నెలు తోమే సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టాను. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పోకపోతే రంగు పట్టదు. చక్రాలు తీసేసి లోహపు చక్రాలు వేశాను, అసలు బండికి 33 అంగుళాల చక్రం, ఇక్కడ 9.6 మిల్లీమీటర్లు. పెట్టెల్ని ఒకదానికొకటి తగిలించే కప్లర్ల ఎత్తు గేజితో సరిచూశాను. బరువుకు అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం ఎన్ఎంఆర్ఏ సిఫారసు హెచ్ఓలో మొదట 1 ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. నా పెట్టె ఇంచుమించు 6 అంగుళాలు కాబట్టి 4 ఔన్సులు, అంటే 113 గ్రాములు. ఇనుప నట్లు లోపల నేల మీద జిగురుతో అతికించాను. అవి సరిగ్గా ట్రక్కుల పైన, అంటే చక్రాలు బిగించిన చట్రాల పైన, రెండు చివర్లా సమానంగా ఉండాలి, మధ్యలో కుప్ప పోస్తే లాభం లేదు.

చేతిపట్టు కమ్మీల గురించి మాత్రం కొంచెం గొప్పగానే చెప్పుకుంటాను. కిట్‌లో అవి గోడతో కలిపి అచ్చుపోసి ఉంటాయి, ఉబ్బెత్తు గీతల్లా కనిపిస్తాయి. వాటన్నిటినీ పక్కనున్న రివెట్ ఒక్కటి కూడా పోకుండా వెడల్పు అంచున్న బ్లేడుతో చెక్కేసి, 0.35 మిల్లీమీటర్ల బిట్టుతో చేత్తో తిప్పుతూ రంధ్రాలు వేసి, 0.3 మిల్లీమీటర్ల తీగ వంచి గుచ్చాను. ఒక్క రంధ్రం కూడా వంకర పోలేదు. అడుగున బ్రేకులు కూడా అంతే. 1933 తర్వాత కట్టిన బండి కాబట్టి ఏబీ రకం గాలి బ్రేకు ఉండాలి, అంటే సిలిండరు, రెండు అరల రిజర్వాయరు, కంట్రోల్ వాల్వు మూడూ వేరువేరుగా ఉంటాయి. వాటి మధ్య గొట్టాలన్నీ వేశాను. వాల్వు నుంచి బండి చివరిదాకా వెళ్లి, బ్రేకు చక్రం పక్కనుంచి పైకెక్కే సన్నని రిటెయినర్ గొట్టం కూడా వేశాను. పట్టాల మీద నిలబెడితే ఆ అడుగు ఎవరికీ కనిపించదు. అయినా అది సరిగ్గా ఉందని నాకు తెలుసు, చాలు.

రంగు కూడా ఇబ్బంది పెట్టలేదు. ముందు బూడిద రంగు ప్రైమరు, ఆరాక ఆక్సైడు ఎరుపు. ఎయిర్‌బ్రష్‌తో పల్చగా నాలుగు పూతలు వేశాను. ఆక్రిలిక్ రంగు, పూర్తి మ్యాట్, అంటే మెరుపు లేనిది. పొద్దున లేచి చూస్తే నిజంగా ఇనుము మీద వేసిన రంగులాగే ఉంది. రివెట్లు ఇసుక గింజల్లా ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి.

అక్కడితో నా సుఖం అయిపోయింది. తర్వాత డెకాల్స్, అంటే నీళ్లలో ముంచి కాగితం మీంచి జార్చి అంటించే పల్చటి పొర మీది అక్షరాలు, ముద్రలు.

మా దగ్గర నెలకోసారి కొందరం కూర్చుంటాం, ఎవరు చేసింది వాళ్లు తెచ్చి చూపించుకుంటాం. అందులో ఒక పెద్దాయన ఉన్నారు, ఎన్నో ఏళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి. డెకాల్స్ పెట్టే ముందు నున్నగా మెరిసే గ్లాసీ పూత వేయాలా అని ఆయన్నే అడిగాను. "ఎందుకయ్యా, దానివల్ల రివెట్లు పూడుకుపోతాయి. మ్యాట్ మీదే పెట్టెయ్. సాల్వెంటు ఉంది కదా, అదే లాగేసుకుంటుంది" అన్నారు. అనుభవం ఉన్న మనిషి మాట కదా, నేను మళ్లీ ఆలోచించలేదు.

రెండు రాత్రులు కూర్చుని పెట్టాను. కత్తిరించడం, ఇరవై సెకన్లు నీళ్లలో ముంచడం, కాగితం మీంచి జార్చడం, బ్రష్‌తో చోటుకి జరపడం, పొరను మెత్తబరిచే సాల్వెంటు రాయడం. సదరన్ పసిఫిక్ గుండ్రటి ముద్ర ఉంటుంది, అస్తమించే సూర్యుడు, పట్టాలు, అది కుడివైపు రివెట్ల మీదుగా కూర్చోవాలి. తడిగా ఉన్నంతసేపూ అద్భుతంగా ఉంది. తృప్తిగా నిద్రపోయాను.

పొద్దున్నే మా అమ్మాయి బండిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పక్కకి వంచి చూసింది. "నాన్నా, అక్షరాల చుట్టూ ఏదో కవరు అంటించినట్టుంది" అంది.

నిజమే. ఎదురుగా చూస్తే తెల్ల అక్షరాలే, కొంచెం వంచితే ప్రతి అక్షరం చుట్టూ నీళ్లు ఆరిన మరకలా వెండి మెరుపు. ఆ గుండ్రటి ముద్ర చుట్టూ అయితే చేప పొలుసులా ఉంది. వెంటనే మళ్లీ సాల్వెంటు రాశాను. ఆరింది, మళ్లీ మెరిసింది. మూడోసారి ఎక్కువగా రాశాను, అంకెల్లో ఒకటి ముడుచుకుపోయి మళ్లీ సాగలేదు. సూదితో పొరకి చిన్న చిన్న రంధ్రాలు పొడిచి వాటిలోంచి సాల్వెంటు పోయమని ఎక్కడో విని అదీ చేశాను. చిన్న అక్షరాల దగ్గర కొంత తగ్గింది, పెద్ద ముద్ర దగ్గర ఏమీ మారలేదు, పైగా సూది గుర్తులు మిగిలాయి. ఏం తప్పు చేశానో అప్పటికి అర్థం కాలేదు. షీటు పాతదేమో, నీళ్లలో ఏదైనా ఉందేమో, నా చేతి జిడ్డేమో అని వారం రోజులు అదే టెన్షన్.

ఈలోగా మా నెలవారీ రోజు వచ్చింది. సలహా అడగొచ్చు కదా అని ఆ బండినే తీసుకెళ్లాను. ఆ పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని, దీపం కిందకి పెట్టి, పదిమంది ముందు "ఏంటిది? గ్లాసీ పూత వేయలేదా? మొదటి పాఠమే అది కదా" అన్నారు.

"సార్, మీరే కదా వద్దన్నారు" అన్నాను.

"నేనెందుకంటాను? నేను చెప్పింది లాక్కరు రంగుల గురించి" అని పక్కవాళ్ల వైపు తిరిగి, "ఈ రోజుల్లో ఎవరూ ఓపిగ్గా నేర్చుకోరు" అన్నారు. నా బ్రేకు గొట్టాల వైపు ఒక్కరూ చూడలేదు. నా ముఖం ఎర్రబడిందని నాకే తెలుస్తోంది. మాట్లాడకుండా బండిని డబ్బాలో పెట్టుకుని వచ్చేశాను.

తప్పుడు సలహా ఎవరైనా ఇస్తారు, అందులో పెద్ద నేరమేమీ లేదు. ఇచ్చిన మాటను నలుగురి ముందు లేదనడం, పైగా ఓపిక లేదని నిందించడం మాత్రం నేను మరిచిపోను. కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ఎంత పెద్దవాళ్లు చెప్పినా అదే రంగు వేసిన పనికిరాని ముక్క మీద ముందు ఒక డెకాల్ పెట్టి, ఆరాక వంచి చూడండి. ఒక సాయంత్రం పోతుంది, పోనివ్వండి.

ఇంటికొచ్చి ఆ పనే చేశాను. పాత పైకప్పు ముక్కకి అదే ఎరుపు వేసి, సగానికి టేపు అడ్డం పెట్టి మిగతా సగానికి గ్లాసీ పూత వేశాను. గీత మీదుగా ఒకే డెకాల్ అంటించాను. ఆరాక భూతద్దంతో చూస్తే మ్యాట్ వైపు వెండి, గ్లాసీ వైపు ఏమీ లేదు, గీత దగ్గర కత్తితో కోసినట్టు మారిపోయింది. కారణం అప్పుడు అర్థమైంది. మ్యాట్ రంగు అంటేనే గరుకు, కంటికి కనిపించని గుంటలు, మెట్టలు. డెకాల్ పొర మెట్టల మీద నిలబడిపోతుంది, గుంటల్లో గాలి ఉండిపోతుంది, ఆ గాలి మీద పడిన వెలుగే వెండిలా కనిపిస్తుంది. సాల్వెంటు పొరను మెత్తబరుస్తుందే తప్ప, అన్ని గుంటల్లోంచీ గాలిని బయటికి తోయలేదు. గ్లాసీ పూత ఆ గుంటల్ని పూడుస్తుంది. అయితే ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, మందంగా వేస్తే రివెట్లు కూడా పూడుకుపోతాయి. పల్చగా రెండు పూతలు వేస్తే పోవు.

ఇక పాతవి తీయాలి. టేపు అంటించి మెల్లగా లాగితే చాలావరకు వచ్చేశాయి, మిగిలినవి సాల్వెంటుతో నానబెట్టి దూది పుల్లతో తుడిచాను. నాలుగైదు రివెట్ల తలల మీద రంగు కూడా లేచిపోయింది, మళ్లీ ఒక ఎరుపు పూత వేయాల్సి వచ్చింది. దాని మీద గ్లాసీ పూతలు రెండు వేసి, రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చాను. వేలు పెడితే జిగట తెలియకూడదు, ముక్కు దగ్గర పెడితే వాసన రాకూడదు.

ఈసారి కొత్త షీటు తీసి ప్రతి అక్షరాన్నీ దాని అంచుదాకా కత్తిరించాను, ఖాళీ పొర ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ముందు డెకాల్ బాగా అంటుకునేలా చేసే మైక్రో సెట్ ద్రావణం రాసి దాని మీద డెకాల్ జార్చి, చోటు కుదిరాక బట్ట చివరతో నీళ్లు పీల్చి, తర్వాత మైక్రో సోల్ అనే సాల్వెంటు. అది రాశాక పొర ముడతలు పడుతుంది, గుండె జారుతుంది, అప్పుడు వేలు పెట్టకూడదు. ఆరేసరికి దానంతట అదే సాగి రివెట్ల మీద కూర్చుంటుంది. రేకుల అతుకుల దగ్గర మాత్రం కొత్త బ్లేడుతో పొరను కోసి ఇంకో చుక్క పోశాను.

ఇంతలో ఇంకో సంగతి బయటపడింది, అది నన్ను ఎవరూ అడగలేదు, నేనే పట్టుకున్నాను. పక్కన మూడు వరసల అంకెలు ఉంటాయి: సామర్థ్యం, లోడు పరిమితి, ఖాళీ బరువు. అప్పట్లో 50 టన్నుల బండికి సరుకుతో కలిపి పట్టాల మీద మొత్తం 169,000 పౌండ్లు మించకూడదు, కాబట్టి ఖాళీ బరువు, లోడు పరిమితి కలిపితే సరిగ్గా అంతే రావాలి. ఆ కాలంలో బండ్లను అప్పుడప్పుడూ మళ్లీ తూచి, ఎక్కడ తూచారో ఆ గుర్తు, నెల, ఏడాది ఖాళీ బరువు పక్కన రాసేవారు. నాది 1950 నాటి బండి, షీటులోని తేదీ మాత్రం కొత్తగా కట్టినప్పటిది. తేదీ మారిస్తే బరువు మారాలి, బరువు మారితే పరిమితి మారాలి. అందుకని ఖాళీ బరువు 46,300 చేసి, లోడు పరిమితి 122,700 చేశాను. ఒక్కో అంకె విడిగా కోసి పెట్టాను. అసలు బండి మీద 2 అంగుళాల అంకె ఇక్కడ అర మిల్లీమీటరు కంటే కొంచెం పెద్దది. ఆ పదకొండు అంకెలకి రెండున్నర గంటలు పట్టింది. ఊపిరి బిగబట్టి బ్రష్ మొనతో ఒక 7ను జరుపుతుంటే ఫోను మోగింది, తియ్యలేదు.

పైన మ్యాట్ పూత, తర్వాత పాస్టెల్ పొడులతో దుమ్ము, తుప్పు. పొడి వేశాక మళ్లీ మ్యాట్ పూత వేస్తే సగం కనిపించకుండా పోతుంది కాబట్టి ముందే కొంచెం ఎక్కువ వేయండి. లాక్కరు మ్యాట్ పూత మీద ఆల్కహాలు కలిపిన సిరా మాత్రం రాయకండి, తెల్లగా పొగ కమ్మినట్టు అవుతుంది.

రాత్రి దీపం కింద బండిని అటూ ఇటూ వంచి చూశాను. ఎటు తిప్పినా ఎరుపు రంగు, తెల్ల అక్షరాలు, ఇంకేమీ లేదు. పొద్దున మా అమ్మాయికి ఇచ్చాను. కిటికీ దగ్గరికే తీసుకెళ్లింది, అప్పటిలాగే పక్కకి వంచింది, చాలాసేపు చూసింది.

"అంటించినట్టు లేదు నాన్నా. రంగుతో రాసినట్టుంది" అంది.