ముళ్లపంది కోసం కొన్న నైట్ విజన్ స్కోప్

పొదల వెనక నుంచి గలగలమనే చప్పుడు వారం రోజులు విన్నాను. ముళ్లపంది తోక మీది బోలు ముళ్లను ఆడిస్తే వచ్చే చప్పుడు అది. టార్చి వేయగానే మాయం, మళ్లీ ఆ రాత్రికి రాదు. అది తన మానాన తను తిరుగుతుంటే ఒక్కసారైనా చూడాలనిపించింది. చీకట్లో చూపించే నైట్ విజన్ స్కోప్ మీద మనసు పడింది అప్పుడే.

మొదటిది కొన్నప్పుడు నేను చూసినవి రెండే: జూమ్ ఎంత, దూరం ఎంత. పెట్టె మీద పెద్ద అంకె ఉన్నదాన్ని తీసుకున్నాను. ఆ రాత్రి చప్పుడు వచ్చిన వైపు తిప్పితే అన్నీ ఆకులే. ఆరు రెట్ల జూమ్‌లో కనిపించే జాగా చాలా తక్కువ. ముళ్లపందిని ఆ కాస్త జాగాలోకి తెచ్చుకునేలోపే అది వెళ్లిపోయింది. చేయి కొంచెం కదిలినా ఆ కదలికా ఆరు రెట్లే. పైగా అందులో సగం డిజిటల్ జూమ్. అది కొత్తగా ఏమీ చూపించదు, ఉన్న బొమ్మనే సాగదీస్తుంది.

దూరం సంగతి తర్వాత చదివితే అర్థమైంది. పెట్టె మీద వేసేది చాలాసార్లు ‘అక్కడ ఏదో ఉంది’ అని తెలిసే దూరం. అది నక్కో కుక్కో చెప్పగలిగే దూరం దానికంటే బాగా తక్కువ. అమెరికా సైన్యం కోసం నైట్ విజన్ మీద పనిచేసిన జాన్ జాన్సన్ అనే ఆయన 1958లోనే దీనికి ఒక లెక్క చెప్పాడు. ఏదో ఉందని కనిపెట్టడానికి ఆ వస్తువు మీద ఒక జత గీతలను (ఒకటి నలుపు, ఒకటి తెలుపు) విడివిడిగా చూడగలిగేంత వివరం చాలు. అది ఏ రకమో పోల్చుకోవాలంటే నాలుగు జతలు కావాలి. అదే స్కోప్‌తో అయితే ఇంచుమించు నాలుగో వంతు దూరానికి రావాలన్నమాట. ఇప్పుడు నేను ఏ పెట్టె మీది అంకెనైనా నాలుగుతో భాగించే చదువుతాను.

రెండోసారి తొందరపడలేదు. పాత ట్యూబ్ రకం ఒకటి చూశాను. కొద్దిపాటి వెలుతురుని ఎలక్ట్రాన్లుగా మార్చి, వాటి బలం పెంచి, ఎలక్ట్రాన్లు తగిలితే వెలిగే ఫాస్ఫర్ తెర మీద పచ్చటి బొమ్మ చూపిస్తుంది. తక్కువ ధరలో దొరికే మొదటి తరం ట్యూబుల్లో అంచులు మసకగా ఉంటాయి. ఎవరైనా ఎదురుగా గట్టి లైటు వేస్తే ట్యూబ్ దెబ్బతినొచ్చు. రెండో తరం బాగుంటుంది, కానీ మన బడ్జెట్‌లోకి రాదు.

వేడిని చూసే థర్మల్ స్కోప్ గురించి మాత్రం చాలా ఊగిసలాడాను. స్నేహితుడి దగ్గరున్నది ఒక రాత్రి తీసుకుని చూస్తే, గడ్డిలో ఒదిగిన కుందేలు కూడా తెల్లగా వెలుగుతూ దొరికిపోయింది. ఒంటి నుంచి వచ్చే వేడిని, అంటే 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలను, అది పట్టుకుంటుంది. అందుకే దానికి వెలుతురుతో పనే లేదు. జంతువు ఎక్కడుందో వెతకడానికి దాన్ని మించింది లేదు. కానీ నాకు కుందేలు మీసాలు కనపడలేదు, కళ్లు కనపడలేదు. కదిలే తెల్లటి ముద్ద కనపడింది, అంతే. కిటికీ అద్దం వెనక నుంచి చూద్దామంటే అదీ కుదరదు, ఆ కిరణాలు మామూలు గాజును దాటి రావు. నాకు కావాల్సింది మొహం.

చివరికి మూడు రెట్ల లెన్సు ఉన్న డిజిటల్ స్కోప్ తీసుకున్నాను. ఇందులో ఉండేది కెమెరా సెన్సారే. దానికి తోడు మన కంటికి దాదాపు కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు ఒకటి. కొనేముందు తప్పకుండా అడగాల్సింది ఈ లైటు గురించే. 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లైటు దూరం వెళ్తుంది, కానీ ఎదురుగా చూస్తే సన్నటి ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. నా మొదటి స్కోప్‌లో ఉన్నది అదే. ఒక నక్క తలెత్తి సూటిగా దానివైపే చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. 940ది మన కంటికి ఏమాత్రం కనపడదు, కాకపోతే సెన్సార్ దాన్ని అంత బాగా పట్టుకోలేదు, కాబట్టి దూరం తగ్గుతుంది. నేను 940కే ఓటేశాను. దూరం తగ్గితే ముందే వెళ్లి దగ్గర్లో కూర్చోవచ్చు. బెదిరిన జంతువుని చూసి ఏం లాభం?

లైటు బలాన్ని తగ్గించుకునే మీట కూడా ఉండాలి. ముందు అడ్డంగా గడ్డిపోచ ఉంటే లైటంతా దాని మీదే పడి తెల్లగా కమ్మేస్తుంది, వెనకున్న జంతువు నల్లగా మిగిలిపోతుంది. మంచు పట్టిన రాత్రి అయితే తెరంతా పాలు పోసినట్టే. లోపలి తెర వెలుగు మాత్రం ఎప్పుడూ తక్కువలోనే పెడతాను. ఎక్కువైతే ఆ కన్ను మళ్లీ చీకటికి అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. రెండో బ్యాటరీ జేబులోనే. లైటు వేసి ఉంచితే ఛార్జ్ ఇట్టే అయిపోతుంది.

కొత్త స్కోప్‌తో నాలుగో రాత్రి, గాలి నావైపు వీచేలా కూర్చున్నాను. చప్పుడు వచ్చింది, ఈసారి గలగల కాదు, కరకరమని. స్కోప్ ఎత్తితే ముందు రెండు కళ్లు మెరిశాయి. ఆ వెనకే ముళ్లు, ఆ తర్వాత మొద్దు ముక్కు. ముందుకాళ్ల మధ్య ఎండిన ఎముక ఒకటి నొక్కిపట్టి కొరుకుతోంది. ముళ్లపందులు ఖనిజాల కోసం ఎముకలు కొరుకుతాయని చదివాను గానీ, కళ్లారా చూస్తానని అనుకోలేదు. మధ్యలో రెండుసార్లు ఆగి చెవులు రిక్కించింది. నేను ఊపిరి బిగబట్టాను. మళ్లీ కొరకడం మొదలుపెట్టింది. నా చేయి నొప్పెట్టి స్కోప్ దించాక కూడా చీకట్లో ఆ కరకర వినిపిస్తూనే ఉంది.

పొద్దున్నే వెళ్లి చూస్తే ఎముక అక్కడే ఉంది. దాని అంచున ఉలితో చెక్కినట్టు జంట గాట్లు.