ఒకటే రూటు, రెండు సంస్థలు

ఒకే రూటులో రెండు సంస్థల బస్సులు తిరిగితే గొడవ దాదాపు ఎప్పుడూ ఒకే మాటతో మొదలవుతుంది: "మా టైముకి వాళ్ల బండి ముందు పెడుతున్నారు." కాగితం మీద పదేసి నిమిషాల ఎడం ఉంటుంది. రోడ్డు మీద మాత్రం ముందు బండి స్టాపులో కావాలనే ఆగి, వెనక బండి కనబడేదాకా జనాన్ని ఎక్కించుకుంటుంది.

ఈ గొడవ తేల్చే మీటింగుకి ముందే రెండు వైపుల నుంచీ కనీసం రెండు వారాల జీపీఎస్ లాగ్ (ఏ బండి ఏ టైముకి ఎక్కడుందో చూపే రికార్డు), టికెట్ మెషీన్ డేటా తెప్పించుకోవాలి. ముందు చూడాల్సింది గడియారాలు. రెండు మెషీన్ల టైములో నాలుగు నిమిషాల తేడా ఉన్నా చాలు, ఎవరు ముందొచ్చారన్నది తారుమారవుతుంది. ఇది చూడకుండా గంటలు గంటలు వాదించుకునేవాళ్లే ఎక్కువ!

ఒప్పందంలో బయలుదేరే టైము ఒక్కటే రాసుకుంటే లాభం లేదు. దారిలో మూడు నాలుగు పెద్ద స్టాపుల్లో కదలాల్సిన నిమిషం కూడా రాయాలి. ట్రాఫిక్‌లో ఐదు నిమిషాలు లేటవడం మామూలే. రెండు నిమిషాలు ముందు వెళ్లడం మాత్రం పక్కవాడి ప్రయాణికుల్ని ఎత్తుకుపోవడమే, జరిమానా దానికే గట్టిగా ఉండాలి.

రెండు సంస్థల బస్సుల్లోనూ చెల్లే ఉమ్మడి పాస్ డబ్బుల పంపకం ఇంకో చిక్కు. బండి తిరిగిన కిలోమీటర్ల లెక్కన పంచితే ఖాళీ బస్సు తిప్పినవాడికి లాభం. తలల లెక్కన పంచితే దూరం వెళ్లే సర్వీసుకి నష్టం. ప్రయాణికులు వెళ్లిన దూరం లెక్కేస్తే కాస్త న్యాయం, కానీ దిగేటప్పుడు కార్డు చూపించకపోతే అదంతా అంచనాయే.

గొడవ తేలేదాకా పాత టైమింగ్సే నడవాలి, ఒక్క ట్రిప్పూ ఆగకూడదు. ఈ ముక్క ఒప్పందంలో ముందే రాసుకోండి.