కజాన్‌లో కొన్న పాత రాజ్యాంగం

మాస్కో నుంచి రాత్రంతా రైలులో దాదాపు 800 కిలోమీటర్లు ప్రయాణించి 2024 నవంబరు 6న కజాన్‌లో దిగాను. నన్ను తీసుకువెళ్లడానికి స్టేషనుకు వచ్చిన మా అక్క కొడుకు, "మామయ్యా, ఇవాళ కాలేజీ లేదు, రాజ్యాంగ దినోత్సవం" అన్నాడు. వాడక్కడ డాక్టరు చదువు చదువుతున్నాడు. రష్యా రాజ్యాంగ దినోత్సవం డిసెంబరులో కదా అంటే, ఇది రష్యాది కాదు, తతార్‌స్తాన్‌ది అన్నాడు. కజాన్ రాజధానిగా రష్యా సమాఖ్యలో ఉన్న రిపబ్లిక్ అది. సమాఖ్యలో భాగమైన ప్రాంతానికి సొంత రాజ్యాంగమూ, దాని పేరిట సెలవూ ఉండడం మనకు వింతే. జమ్మూ కాశ్మీరుకు 2019 వరకు ఉండేది తప్ప మన రాష్ట్రాలలో దేనికీ అటువంటిది లేదు.

మధ్యాహ్నం ఊరి నడిబొడ్డునున్న స్వేచ్ఛా కూడలికి వెళ్లాం. అక్కడ లెనిన్ విగ్రహమూ, ఒపెరా థియేటరూ, ఆ రిపబ్లిక్కు శాసనసభా ఉన్నాయి. పేర్లన్నీ రష్యన్‌లోనూ తతార్‌లోనూ రాసి ఉన్నాయి. తతార్‌లో ఆ కూడలి పేరు 'ఇరెక్ మైదానీ', శాసనసభ పేరు 'దౌలెత్ సోవియెతీ' అని మావాడు చదివి వినిపించాడు. మైదానం మనకు తెలిసిందే; కానీ హైదరాబాదులో పుట్టి పెరిగిన నాకు దౌలత్ అంటే సిరిసంపదలు, అక్కడేమో రాజ్యం.

దగ్గరలోని పుస్తకాల దుకాణంలో, రెండు భాషలలోనూ పాఠమున్న రాజ్యాంగ ప్రతి ఒకటి, అరచేతిలో ఇమిడేది, దొరికింది. అది పాత ముద్రణ అని కొట్టులోని పెద్దావిడ ముందే హెచ్చరించింది. నాకు కావలసిందీ అదే. 1990 ఆగస్టులో అప్పటి రష్యా నేత యెల్త్సిన్ ఇదే ఊరికి వచ్చి, మింగగలిగినంత సార్వభౌమత్వం తీసుకోండని అన్నాడు. ఆ నెల 30న తతార్‌స్తాన్ సార్వభౌమత్వం ప్రకటించుకుంది. 1992 మార్చి 21 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవారిలో 61 శాతానికి పైగా దానిని బలపరిచారు. పది రోజుల తరువాత మాస్కోలో జరిగిన సమాఖ్య ఒప్పందంపై తతార్‌స్తాన్ సంతకమే చేయలేదు. నవంబరు 6న ఆమోదించిన రాజ్యాంగం, తమది సార్వభౌమ రాజ్యమనీ, అంతర్జాతీయ న్యాయం దృష్టిలో ఒక పక్షమనీ, రష్యాతో ఒప్పందం ద్వారా మాత్రమే కలిసి ఉన్నదనీ చెప్పింది. ఆ ఒప్పందం మీద 1994 ఫిబ్రవరి 15న యెల్త్సిన్, తతార్‌స్తాన్ అధ్యక్షుడు షైమియెవ్ సంతకాలు చేశారు.

నేను కొన్నది 2002 సవరణల తరువాతి పాఠం. రాత్రి గదిలో టీ తాగుతూ, మావాడు ఫోనులో ఇప్పటి పాఠం తెరిచి పుస్తకంతో పోల్చి చదువుతుంటే, తీసేసిన చోటల్లా నేను పెన్సిలుతో గీత పెట్టాను. 2002లో సార్వభౌమత్వమనే మాటకు అర్థం కుదించారు, కేంద్రానికి చెందని విషయాలలో పూర్తి అధికారమని. 2023లో ఆ మాటకే గీత పడింది. తతార్‌స్తాన్ పౌరసత్వానికి ఒక గీత, ఆ రిపబ్లిక్కు రాజ్యాంగ న్యాయస్థానానికి మరొకటి. రష్యాలో అధ్యక్షుడు ఒక్కడే ఉండాలని మాస్కో చట్టం చేసినందువల్ల, ఇక్కడి అధ్యక్షుడు 'రయీస్' అయ్యాడు. మన పాతబస్తీలో రయీస్ అంటే కలవాడు, ఇక్కడ అధిపతి. ఈ మార్పులో పదవికి కలిమి పెరిగిందో తరిగిందో చెప్పనక్కరలేదు.

ఎనిమిదవ అధికరణం దగ్గర మాత్రం పెన్సిలుకు పని పడలేదు. తతార్, రష్యన్ సమాన హోదా గల రాజ్యభాషలని అందులో అప్పుడూ ఇప్పుడూ ఒకే మాట. పుస్తకం చేతికిస్తూ ఆ పెద్దావిడ చెప్పినది అప్పుడు గుర్తుకొచ్చింది: 2017 నుంచి బడిలో తతార్ చెప్పాలంటే తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అదీ వారానికి రెండు గంటలు మించకుండా, తన మనవడి కాగితం మీద కూతురి చేత తానే దగ్గరుండి సంతకం పెట్టించిందట.