51 రోజుల ఖాళీ

బెంగళూరులో ఉద్యోగం మారుతున్నానని 2025 సెప్టెంబరులో అనంతపురం వచ్చి చెప్పినప్పుడు, నాయన కొత్త జీతం సంగతి అడగలేదు. "మరి నా ఇన్సూరెన్సు?" అన్నారు. ఆయనకు 62 ఏళ్లు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. నాలుగేళ్లుగా అమ్మా నాయనా మా కంపెనీ ఉద్యోగులకు తీసుకున్న గ్రూపు ఆరోగ్య బీమా పాలసీలోనే ఉన్నారు. అది నా చివరి పనిదినం, అక్టోబరు 31తో ఆగిపోతుంది. కొత్త చోట చేరేది డిసెంబరు 22న. మధ్యలో 51 రోజులు. నా జీతం పరిమితి దాటిపోవడంతో ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్యసేవ అప్పట్లో మాకు వర్తించలేదు.

రెండు నెలలకు సరిపడే చిన్న పాలసీ ఏదో ఒకటి దొరకదా అనుకున్నాను. 2020లో కరోనా కవచ్‌ను మూడున్నర నెలలకు కూడా ఇచ్చారు మరి. కానీ అది ఆ ఒక్క జబ్బుకే. మామూలు ఆరోగ్య పాలసీలు కనీసం ఏడాదికి తీసుకోవలసిందే. సప్తగిరి సర్కిల్ దగ్గర కలిసిన ఏజెంటు తేలిక దారి చెప్పాడు. "ఏడాదికి తీసుకో అన్నా, ఉద్యోగంలో చేరినాక రద్దు చేసుకో." అందులో అబద్ధం లేదు. 2024 నిబంధనల ప్రకారం ఏడు రోజుల ముందు నోటీసిస్తే, క్లెయిము చేయని పక్షంలో మిగిలిన కాలానికి ప్రీమియం తిరిగి వస్తుంది.

అతను చెప్పనిది వేరే ఉంది. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు డబ్బు రాదు. 51లో 30 పోతే మిగిలేది 21. ఇక నాయన షుగరులాంటి పాత జబ్బులకైతే మూడేళ్ల దాకా ఆగవలసి రావచ్చు. ఆ మాట ఎత్తితే, "షుగరు సంగతి ఫారంలో రాయకపోతే సరి" అన్నాడు. టీ డబ్బులు నేనే ఇచ్చి వచ్చేశాను.

దారి చూపింది కంపెనీలో నాకంటే ముందు మానేసిన స్నేహితుడు. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీలోకి మారవచ్చు. దాన్ని మైగ్రేషన్ అంటారు. గ్రూపులో గడిపిన కాలం లెక్కలోకి వస్తుంది కాబట్టి వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ ఆగవలసిన కాలం, మళ్లీ మొదటికి రాదు. అయితే పాత బీమా మొత్తం వరకే. మాది మూడు లక్షలు. నేను ఐదు లక్షలకు తీసుకున్నాను. పైన పెంచిన రెండు లక్షలకు మాత్రం కాలం కొత్తగా మొదలైంది. ఉద్యోగంలో ఉండగానే, పాత పాలసీ ఆగడానికి కనీసం నెల ముందు దరఖాస్తు చేయమన్నాడు. ఆ మాటే మమ్మల్ని కాపాడింది, ఎందుకంటే కాగితాలకే మూడు వారాలు పట్టింది. గ్రూపు కార్డులో నాయన పుట్టిన సంవత్సరం 1962, ఆధార్‌లో 1963. నాలుగేళ్లు ఎవరి కంటా పడని ఆ ఒక్క అంకెను దిద్దించడానికి ఆఫీసుకు ఆరు మెయిళ్లు పెట్టాను.

దీపావళి మర్నాడు బీమా సంస్థ డాక్టరు ఫోను చేశారు. నాయన గొంతు సవరించుకుని, "షుగరు కొంచెం ఉంది సార్, పండుగలకు మాత్రం" అన్నారు. వంటింట్లోంచి అమ్మ, "నిన్న నాలుగు ఓళిగలు తిన్నాడని కూడా చెప్పు" అని అరిచింది. నేను ఫోను తీసుకుని వాడుతున్న మాత్రల పేర్లన్నీ ఒక్కటీ వదలకుండా చదివాను. సాయినగర్ ల్యాబులో చేయించిన మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) 8.1 శాతం. ఆ రిపోర్టూ పంపాను. దాచి తీసుకున్న పాలసీ ఆసుపత్రి కౌంటరు దగ్గరే చిరుగుతుందని నా భయం.

షుగరు పేరుతో ప్రీమియం కొంత పెంచారు. మా ముగ్గురికీ కలిపి యాభై రెండు వేల చిల్లర అయింది. సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఎత్తేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకో తొమ్మిది వేలు. నవంబరు 1 తేదీతో పాలసీ చేతికొచ్చింది.

డిసెంబరులో చేరాక రద్దు చేద్దామనే అనుకున్నాను. కొత్త కంపెనీ గ్రూపు పాలసీలో తల్లిదండ్రులకు చోటు లేదని మొదటి రోజే తెలిసింది. నాయనకు ఫోను చేసి రద్దు చేయడం లేదని చెబితే, ఆయన అప్పటికే కార్డుకు లామినేషన్ చేయించి మాత్రల డబ్బాలో పెట్టుకున్నారట.